తకరజుక: ముందొచ్చే నాటకమా, తర్వాతొచ్చే రెవ్యూనా? చూసినవాళ్ళు చెప్పండి

ఒసాకా_సుబ్బు
అమ్మానాన్న జపాన్ వస్తున్నారు. తకరజుక అంటే అందరూ ఆడవాళ్ళే ఆడే పాటల నాటకాల బృందం కదా, హ్యోగోలోని వాళ్ళ గ్రాండ్ థియేటర్‌కి తీసుకెళ్దామనుకుంటున్నా. ఇద్దరికీ జపనీస్ ఒక్క ముక్క రాదు. మామూలుగా గంటన్నర నాటకం, అరగంట విరామం, తర్వాత గంట లోపు పాటలూ డాన్సులతో రెవ్యూ ఉంటుందట. కొన్నిటికి మాత్రం రెండు సగాలూ ఒకే కథట. ఏ రకానికి తీసుకోవాలి? నాటకం అయ్యేలోపు అమ్మ కునుకు తీస్తుందేమోనని టెన్షన్.

కోబే_కోడలు
రెండు ముక్కలుగా ఉన్నదే తీసుకోండి సుబ్బు గారూ, ఆలోచించకండి. ‘రోజ్ ఆఫ్ వెర్సాయ్’, ‘ఎలిజబెత్’ లాంటివి ఒకే కథతో సాయంత్రమంతా నడుస్తాయి. చివర్లో రెవ్యూ ఉంటుంది గానీ తోకంత. మా అత్తగారిని అలాంటిదానికే తీసుకెళ్ళాను. రాజుల దుస్తులు చూసి మురిసిపోయారు, కానీ "ఎవరు ఎవరికి ఏమవుతారే?" అని చెవిలో అడుగుతూనే ఉన్నారు. పక్క సీటావిడ చూసిన చూపు నాకింకా గుర్తే. రెవ్యూలో ఆ బాధ లేదు. కథే లేదు కదా!

నాటకాలరాయుడు
కోడలు గారి మాట సగం ఒప్పుకుంటాను. భాష రానివాళ్ళకి రెవ్యూ చాలు, నాటకం ఓపిక పట్టాల్సిన భాగం అని అందరూ తేల్చేస్తారు. నాకైతే నాటకం చూడకపోతే రెవ్యూ సగం చప్పబడిపోతుంది. అప్పుడే కళ్ళముందు గుండు దెబ్బ తిని పోయిన వీరుడు, విరామం అవగానే మెరుపుల కోటేసుకుని కన్నుకొడుతూ వస్తాడు. ఆ తేడాకే హాలు ఊగిపోతుంది. ఏడిపించిన మనిషే వచ్చి నవ్విస్తోంది మరి.

ముగింపు ఊరేగింపు సంగతి కూడా చెప్పాలి. 26 మెట్ల పెద్ద మెట్లవరస. మొదట ఒక్క గాయని పాడుతూ దిగుతుంది, ఆమెని ఎత్వాల్ అంటారు. తర్వాత చిన్నవాళ్ళ నుంచి పెద్దవాళ్ళ దాకా హోదా ప్రకారం దిగుతారు. అందరికంటే పెద్ద ఈకల రెక్కలు కట్టుకుని టాప్ స్టార్, అంటే హీరో వేషాలు వేసే ముఖ్య నటి, ఆఖరున వస్తుంది. కిలోల బరువు వీపు మీద, మెట్లేమో ఇరుకు, తల దించి చూడకూడదు. నాటకంలో ఎవరు హీరో, ఎవరు రెండో హీరో అన్నది మాటల్లో అర్థం కాకపోయినా ఈ దిగే వరసలో తెలిసిపోతుంది.

షిన్‌జుకు_శ్రీవల్లి
2024లో తకరజుకలోని జట్లలో ఒకటైన స్టార్ ట్రూప్ మన ‘ఆర్ఆర్ఆర్’ వేసినప్పుడు టోక్యోలో చూశాను. పేరులోనే ‘√భీమ్’ (రూట్ భీమ్) అని ఉంది, అంటే కథ భీమ్ వైపు నుంచి. మూడు గంటల సినిమాని ముందు సగంలోనే పట్టించాలి కదా! రే మకోతో భీమ్, అకత్సుకి చిసెయ్ రామరాజు. ‘నాటు నాటు’ వచ్చేసరికి నేనొక్కదాన్నే కాదు, చుట్టుపక్కల జపాన్ ఆంటీలందరూ ముందుకు వంగారు. రాజు గతం కుదించేశారని నా పక్కనున్న మా ఫ్రెండ్ గొణిగింది. నాకు మాత్రం పరుగు బాగుంది.

అసలు చిక్కు విరామం తర్వాత వచ్చింది. డాన్సుల పని నాటకమే చేసేసింది! ఆపైన వచ్చిన రెవ్యూ ‘వయలెటోపియా’ రంగస్థలం మీదే అల్లినది, కాస్త చీకటిగా, వింతగా ఉంటుంది. మామూలుగా రెవ్యూ ఇచ్చే హుషారు కోసం కూచున్నవాళ్ళకి అది మింగుడు పడలేదు. నాకు నచ్చింది, కానీ ఆ రోజు కాదు. తర్వాత బ్లూరేలో విడిగా చూసినప్పుడు. జోడీ కుదరడం ముఖ్యమండీ. బరువైన నాటకానికి తేలిక రెవ్యూ పడితే రాత్రి హాయిగా ఇంటికెళ్తాం.

వరంగల్_వాసు
అన్నా, మగ పాత్రలు కూడా ఆడవాళ్ళే వేస్తరు కదా? మన స్థానం నరసింహారావు గారికి తిరగేసినట్టు! అయితే ఈ రెండు ముక్కల పద్ధతి మొదటి నుంచీ ఉందా?

నాటకాలరాయుడు
లేదు వాసూ. 1913లో కొబయాషి ఇచిజో అనే రైల్వే యజమాని, తన లైనుకి జనం రావాలని ఈ బృందాన్ని పెట్టాడు. 1914లో తొలి ప్రదర్శన, పాత ఈత కొలనుని హాలుగా మార్చి. అప్పుడు ఆడినవి పిల్లల కథల ఆటలు. రెవ్యూ 1927లో ‘మోన్ పారీ’తో వచ్చింది. కోబె నుంచి బయల్దేరి చైనా, సిలోను, ఈజిప్టు మీదుగా పారిస్ చేరే ప్రయాణం అది. అంటే నాటకం ఇంటివాడు, రెవ్యూ ఇల్లరికం అల్లుడు. ఇప్పుడు అల్లుడిదే పెత్తనం.

కోబే_కోడలు
😀 నిజమే. ఇంకో మాట. నాటకంలో వెనక సైనికులుగా, ఊరి జనంగా నిలబడే అమ్మాయిలకి రెవ్యూలోనే ముఖం దొరుకుతుంది. వసంతంలో వెళ్తే అప్పుడే మ్యూజిక్ స్కూల్లో రెండేళ్ళు చదివి వచ్చిన కొత్త బ్యాచ్ వరసగా నిలబడి కాళ్ళు ఎగరేసే డాన్స్ ఉంటుంది. నాకు టాప్ స్టార్ కంటే అదే ఇష్టం. చివర్లో ఉన్న పిల్ల పెదవులు లెక్క పెట్టుకుంటూ కదులుతుంటే బైనాక్యులర్స్‌లో కనిపిస్తుంది.

ఒసాకా_సుబ్బు
అందరికీ థాంక్స్. రెండు ముక్కలదే చూస్తాను. సీటు ఎక్కడైతే మంచిది?

షిన్‌జుకు_శ్రీవల్లి
నాటకానికి కింద ముందు వరసలు. రెవ్యూకి రెండో అంతస్తు మొదటి వరసలు, పైనుంచి ఆ వరసల అల్లిక మొత్తం కనిపిస్తుంది. సీటు మధ్యలో మార్చుకోలేం కాబట్టి మీ అమ్మగారి కోసం రెండో అంతస్తే. నాటకం కథ ముందు రోజే తెలుగులో చెప్పేయండి. ముగింపుతో సహా.

ఒసాకా_సుబ్బు
చెప్తాను. నాన్నకి ఇప్పుడే ఫోన్ చేశా. పద్యాలుంటాయా అని అడిగారు. ఏం చెప్పమంటారు?

నాటకాలరాయుడు
పాటలుంటాయని చెప్పండి. వన్స్‌మోర్ అని అరవద్దనీ చెప్పండి. అక్కడ చప్పట్లు కూడా ఫ్యాన్ క్లబ్ వాళ్ళు మొదలుపెట్టాకే.