“నరంలోకి రక్తం పలుచన చేసే మందు”: ఈ మాట సరైనదేనా?

ప్రశ్న (టెక్కలి నుంచి):
సభ్యులకు నమస్కారం. గుండెపోటు వచ్చిన మా బావగారిని విశాఖపట్నం తీసుకువెళ్లినప్పుడు, స్టెంటు వేసే ముందు నాచేత సంతకం చేయించుకున్న తెలుగు పత్రంలో “అవసరమైతే నరంలోకి రక్తం పలుచన చేసే మందు ఎక్కించబడును” అనే వాక్యం ఉంది. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాడిని కనుక, అంత కంగారులోనూ నా చూపు అక్కడే ఆగిపోయింది. పలుచన చేయడమంటే మజ్జిగలో నీళ్లు పోసినట్టే కదా, మరి రక్తంలో ఏం పోస్తారు? ఎక్కించిన మందు పేరు టైరోఫిబాన్ అని తరువాత తెలిసింది. దీనికి తగిన తెలుగు మాట ఏది?

సమాధానం (విజయనగరం నుంచి):
మాస్టారూ, గుండె విభాగంలో ఫార్మసిస్టుగా చేసిన అనుభవంతో రాస్తున్నాను. మీ అనుమానం సరైనదే, ఆ మందు రక్తం చిక్కదనాన్ని తగ్గించదు. డెంగీ కాలంలో ఊరూరా వినిపించే ప్లేట్‌లెట్ల మీదే దాని పని. మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ఉండే ఈ ఫలకికలు, గుండె ధమనిలో పేరుకున్న కొవ్వు పొర చిట్లిన చోట అతుక్కుని, ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ను తాడుగా చేసుకుని, కళింగపట్నం ఒడ్డున పడవను పడవకు కట్టినట్టు ఒకదానినొకటి పట్టుకుంటాయి. టైరోఫిబాన్, ఎప్టిఫిబటైడ్ వంటివి ఆ తాడు తగిలే కొక్కేన్నే ముందుగా ఆక్రమిస్తాయి. (ఈ రెండూ పాము విషాలను చూసి తయారుచేసినవే. టైరోఫిబాన్‌కు నమూనా, మన దేశంలోనూ తిరిగే, పొలుసులు రాచుకుని రొద చేసే చిన్న పింజరి విషంలోని ప్రోటీన్.)

తెలుగులో ఇందుకు మూడు వేరు వేరు క్రియలు ఉండగా అన్నింటినీ పలుచనలో కలిపేయడమే నాకు నచ్చదు. ఫలకికలు గుమిగూడకుండా ఆపేవి టైరోఫిబాన్ వంటివి. చలికి నెయ్యి పేరుకున్నట్టు రక్తం పేరుకోకుండా చూసేది హెపారిన్. ఏర్పడిన గడ్డను కరిగించేవి స్ట్రెప్టోకైనేజ్, టెనెక్టెప్లేజ్. రోగి ఉన్నట్టుండి బైపాస్ ఆపరేషన్‌కు వెళ్లవలసి వచ్చినప్పుడు ఏ మందు పడిందన్నది ముఖ్యమవుతుంది. ఫలకికలను ఆపడానికే నరంలోకి ఎక్కించే మరో మందు కాంగ్రెలార్, దానిని ఆపిన గంటలో ఫలకికలు మామూలు స్థితికి వస్తాయి, టైరోఫిబాన్‌కు నాలుగు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది, ఆస్పిరిన్ మాత్ర ప్రభావమైతే ఆ ఫలకిక బతికినన్నాళ్లూ, అంటే 7 నుంచి 10 రోజులు ఉంటుంది. వాంతులవుతున్నవారికి, మార్ఫిన్ ఇవ్వడంతో మాత్ర ఒంటపట్టడం ఆలస్యమయ్యేవారికి కాంగ్రెలార్ వంటి మందును ఎక్కించడం ఉపయోగపడుతుంది. టైరోఫిబాన్‌ను ఎక్కువగా, స్టెంటు వేస్తుండగా గడ్డ తలెత్తినప్పుడు వాడతారు.

సమాధానం (పలాస నుంచి):
పై వివరణతో ఏకీభవిస్తూ రెండు మాటలు చేరుస్తాను. సంస్కృతం మీద మోజుతో దీనిని “ప్రతిఫలకిక ఔషధం” అంటే, చదివేవాడు ఫీజు గురించి అనుకుంటాడు. ఇక నరం సంగతి. వాడుకలో చేతికి సూది గుచ్చేది నరానికే గానీ, నరాల డాక్టరు చూసే నరం వేరు. పుస్తకాల్లో మొదటిది సిర, రెండోది నాడి. “గడ్డ” రాసేటప్పుడు కూడా మన జిల్లాలవారు అచ్చు చూసుకోవాలి. ఇక్కడ గెడ్డ అంటే పెద్దగెడ్డ, వట్టిగెడ్డల్లాగా పారే వాగు, కనుక ఒక్క ఎత్వంతో నిలిచిపోయిన రక్తం కాస్తా ప్రవాహమైపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. “అవసరమైతే, ఫలకికలు గుమిగూడకుండా ఆపే మందును సిరలోకి ఎక్కిస్తాము” అని వాక్యం తిరగరాసి, “బడును” కూడా తీసేశాను. కోలుకుని ఇంటికి వచ్చిన మా బావగారికి చదివి వినిపిస్తే, గుమిగూడడం వెంటనే అర్థమైంది గానీ, “సిర అంటే ఏమిటయ్యా?” అన్నారు. చేతి నరం అనక తప్పలేదు. పత్రంలో ఆ రెండు మాటలూ పక్కపక్కన ఉంచుతాను.