ఏడాది పాటు ట్రైలర్లో ఉండాలి: నలుగురికి ఏ ఫ్లోర్ ప్లాన్ సరిపోతుంది?

ప్రశ్న: ఫ్రిస్కో నుంచి

అందరికీ నమస్కారం. మేం టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. వచ్చే మార్చిలో ఇల్లు అద్దెకిచ్చి, ట్రావెల్ ట్రైలర్లో (ట్రక్కు వెనక తగిలించి లాగే చిన్న ఇల్లు) ఏడాది పాటు తిరగాలని అనుకున్నాం. డబ్బు లెక్కలు అయ్యాయి. బాబు చదువు సంగతి కూడా తేలింది, టెక్సస్‌లో హోమ్‌స్కూల్‌కి పెద్ద అడ్డంకులు లేవు. ఫ్లోర్ ప్లాన్ దగ్గర మాత్రం మూడు నెలలుగా ఆగిపోయాం.

మా ఆయన పగలు ఇంటి నుంచే పని చేస్తారు. నాకు రాత్రి 9:30కి హైదరాబాద్ టీమ్‌తో కాల్ ఉంటుంది, వాళ్ళకి అది ఉదయం 8 గంటలు. వారంలో నాలుగు రోజులు, రెండేసి గంటలు. మా బాబుకి ఎనిమిదేళ్ళు. మే నెలలో తెనాలి నుంచి మా అమ్మ వస్తుంది, అక్టోబర్ దాకా మాతోనే ఉంటుంది. 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, షుగర్. రాత్రి రెండు మూడుసార్లు లేస్తుంది. నాన్న పోయాక అమ్మ మొదటిసారి వస్తోంది. అందుకే ఈ ప్రయాణం అమ్మకి కష్టం కాకూడదని నా పట్టుదల.

మూడు ప్లాన్లు మిగిలాయి.

మొదటిది 30 అడుగుల బంక్‌హౌస్, అంటే ఒకదాని మీద ఒకటి ఉండే పడకలు (బంకులు) ఉన్నది. ముందు మా పడకగది, మధ్యలో వంట, ఒక స్లైడ్‌లో (ఆగినప్పుడు గోడతో సహా బయటికి జరిగే భాగం) సోఫా, డినెట్ (భోజనం బల్ల). వెనక మూలన డబుల్ బంకులు, వాటి పక్కనే బాత్రూమ్. బంకులకి తలుపు లేదు, కర్టెన్ ఒక్కటే.

రెండోది 34 అడుగులు. మధ్యలో బంకులకి తలుపున్న చిన్న గది, వెనక పెద్ద కిటికీలతో హాలు, మూడు స్లైడ్లు. చూడగానే మా ఆయనకి నచ్చేసింది.

మూడోది 28 అడుగుల రియర్ లివింగ్, అంటే హాలు వెనక ఉండేది. మంచి వంటగది, బోలెడు వెలుతురు. కానీ అమ్మకి సోఫా బెడ్, బాబుకి డినెట్ మడిచి వేసే పరుపు.

లాగడానికి మా ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు ఉంది. డోర్ దగ్గర స్టిక్కర్ మీద పేలోడ్ (ట్రక్కు మోయగల బరువు) 1,640 పౌండ్లు అని ఉంది. దాన్ని మార్చే ఉద్దేశం లేదు.

నాలుగైదు నెలలకి మించి ట్రైలర్లో ఉన్నవాళ్ళు చెప్పండి. కొన్నాక ఏది బాధ పెట్టింది? మన వంట, మన పెద్దవాళ్ళు, మన కాల్స్ ఉన్న ఇంట్లో ఏది ముందు చూసుకోవాలి?


జవాబు 1: పదహారు నెలలు ట్రైలర్లో ఉన్నవాడిని

మేం నేను, నా భార్య, పాప, కొన్నాళ్ళు మా అమ్మ. 31 అడుగుల బంక్‌హౌస్. అమ్మినప్పుడు ఎనిమిదిమంది పడుకోవచ్చన్నారు, మేమూ మంచాలు లెక్కపెట్టుకునే కొన్నాం. ఆ లెక్క మాకు దేనికీ పనికిరాలేదు. మీరు చూడాల్సింది ఇది: ఒకరు నిద్రపోతుంటే మెలకువగా ఉన్నవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు?

మీ కాల్ సంగతే తీసుకోండి. ఫ్రిస్కోలో 9:30 కాబట్టి బాబు పడుకున్నాక అని మీ ధీమా. వేసవిలో యూటా వెళ్తే అదే కాల్ 8:30కి వస్తుంది. అరిజోనాలో గడియారం మార్చరు కాబట్టి 7:30కే. అంటే కుక్కర్ విజిల్ వేసే టైమ్‌కి, బాబు ఆడుకునే టైమ్‌కి మీరు హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చోవాలి. కాబట్టి మీ పడకగదికి గట్టి తలుపుండాలి, లోపల లాప్‌టాప్ పెట్టుకునే చోటు ఉండాలి. చాలా ట్రైలర్లలో ఆ తలుపు పలచటి జారుడు పలక. షోరూమ్‌లో లోపలికెళ్ళి తలుపు వేసుకుని మాట్లాడండి, మీ ఆయన్ని డినెట్ దగ్గర కూర్చుని వినమనండి. మేం ఆ పని చేయలేదు. నా భార్య చలికాలమంతా ట్రక్కులో కూర్చుని మీటింగులు చేసింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక వంట. పొయ్యి మీద ఉన్న ఫ్యాన్ గాలిని బయటికి పంపుతుందా, ఫిల్టర్‌లోంచి తిప్పి మళ్ళీ లోపలికే వదులుతుందా అని అడగండి. చాలావాటిలో లోపలికే వదులుతుంది. ఎండుమిర్చి పోపు పెడితే రెండు నిమిషాల్లో పొగ అలారం కూస్తుంది, ఆ ఘాటు పరుపులకి పట్టేస్తుంది. పొయ్యి దగ్గర తెరుచుకునే కిటికీ, నెత్తిమీద మంచి రూఫ్ ఫ్యాన్ ఉంటే చాలావరకు గట్టెక్కుతారు. పోపులూ వేపుళ్ళూ మేం బయట చిన్న గ్యాస్ పొయ్యి మీదే చేసేవాళ్ళం. బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు అన్నీ గ్రే ట్యాంక్‌లోకే. మాది 30 గ్యాలన్లు, నలుగురం ఉంటే రెండో రోజుకే నిండేది. వంటగదికి వేరే గ్రే ట్యాంక్ ఉన్న మోడల్ దొరికితే వదలకండి.

కరెంటు కూడా ప్లాన్‌లో భాగమే అనుకోండి. ట్రైలర్‌కి 30 ఆంప్ కనెక్షన్ అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీకి సుమారు 1,500, మైక్రోవేవ్‌కి ఇంచుమించు అంతే, గీజర్ కరెంటు మీద పెడితే 1,400. మూడూ కలిస్తే బ్రేకర్ పడిపోతుంది. ఆ టైమ్‌లో మీ ఆయన మీటింగ్‌లో ఉంటే రౌటర్ కూడా ఆరిపోతుంది. మేం గీజర్‌ని గ్యాస్ మీదికి మార్చి, మిక్సీ వేసేటప్పుడు మైక్రోవేవ్ కట్టేసేవాళ్ళం. రౌటర్‌కి చిన్న బ్యాటరీ పెట్టుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైంది చివర చెబుతున్నాను. స్లైడ్లు మూసి ఉన్నప్పుడు ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుందా? బాత్రూమ్‌లోకి వెళ్ళగలరా? అల్బుకర్కీ దాటాక ఒకసారి దుమ్ముగాలికి రెస్ట్ ఏరియాలో మూడు గంటలు ఆగిపోయాం. రెండు వైపులా లారీలు, స్లైడ్ తీయడానికి చోటు లేదు. అమ్మ ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది, ఫ్రిజ్‌కి సోఫా అడ్డం. చేయి దూర్చినా అందలేదు. ఒక లారీ కదిలేదాకా ఆగి, స్లైడ్ అడుగు దూరం జరిపి తీశాను. ఆ రోజు నుంచి ఇన్సులిన్ ట్రక్కులో చల్లటి డబ్బాలోనే. మీ అమ్మగారికి షుగర్ అన్నారు కాబట్టి, షోరూమ్‌లో స్లైడ్లన్నీ మూయించి ఆవిడ నడిచే దారి మీరే నడిచి చూడండి.

ఇంకో పని. గ్యారేజ్ ఖాళీ చేసి, నేలమీద పెయింటర్ టేప్‌తో ప్లాన్‌ని అసలు కొలతల్లో గీయండి. కుర్చీలు, అట్టపెట్టెలు పెట్టి ఒక సాయంత్రం అందులో గడపండి.


జవాబు 2: బరువుల గురించి మాత్రమే

రెండో ప్లాన్ మీ ట్రక్కుకి కుదరదు, లెక్క చూడండి. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రక్కుకి ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడుతుంది, నేను 13 తీసుకుంటాను. 34 అడుగులు, మూడు స్లైడ్లు అంటే సామానుతో 9,200 పౌండ్లు దగ్గరికి వస్తుంది. హిచ్ మీద 1,196. బరువుని అన్ని చక్రాలకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఇంకో 100. నలుగురు మనుషులు కలిసి 510 అనుకుందాం. మొత్తం 1,806. మీ స్టిక్కర్ 1,640. అది ట్రక్కులో కూర్చునే మనుషులతో కలిపే, డ్రైవర్‌తో సహా.

30 అడుగులది 7,200 ఉంటే ఇదే లెక్కన 1,546. ట్రక్కులో వేసుకోవడానికి ఇక 94 పౌండ్లే మిగిలాయి. 28 అడుగులది 6,400 అయితే 1,442, దాదాపు 200 మిగులుతాయి. బ్రోషర్‌లో ఉండే డ్రై వెయిట్‌తో లెక్క వేయకండి, అందులో నీళ్ళు, సామాను ఏమీ ఉండవు. గ్యాలన్ నీళ్ళు 8.34 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంక్ నిండితే 330 దాటుతుంది.

పొడవు కూడా చూసుకోండి. మోడల్ పేరులోని అంకె చాలాసార్లు అసలు పొడవు కాదు, హిచ్ నుంచి బంపర్ దాకా ఎంతో అడగండి. టెక్సస్‌లోని బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌లో చిసోస్ బేసిన్ రోడ్డుకి 20 అడుగులు దాటిన ట్రైలర్లు తేవద్దని పార్క్ వాళ్ళే చెబుతారు. మీరు ఏది కొన్నా ఆ పార్క్‌లో రియో గ్రాండే విలేజ్ లాంటి వేరే చోట దిగాలి.


జవాబు 3: గుంటూరు నుంచి, ఒక అమ్మ

మా అబ్బాయి వాళ్ళతో నేను నాలుగు నెలలు ఆ బండిలో తిరిగాను తల్లీ. నా వయసు 70. పిల్లలు అడిగితే ఏ అమ్మైనా "నాకేం ఇబ్బంది లేదు, బాగానే ఉంది" అంటుంది. మీ అమ్మ కూడా అదే అంటుంది. అందుకే నేను చెబుతున్నాను.

ఆ మూడో బండి వద్దమ్మా. సోఫా మీద పడుకునేవాళ్ళు అందరికంటే చివర పడుకోవాలి, అందరికంటే ముందు లేవాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక గంట నడుం వాల్చడానికి చోటుండదు, అక్కడే పిల్లాడు చదువుకుంటూ ఉంటాడు. ఆవిడ కూర్చునే ఉంటుంది, పైకి చెప్పదు. చిన్నదైనా సరే, ఎప్పుడూ పరిచి ఉండే పడక ఒకటి ఇవ్వండి. కింద బంక్ అయితే లేచి కూర్చుంటే తల పైదానికి తగలకుండా ఉందో చూడండి.

రాత్రి బాత్రూమ్‌కి మీ మంచం పక్క నుంచి వెళ్ళాల్సి వస్తే, మిమ్మల్ని లేపడం ఇష్టం లేక సాయంత్రం నుంచే మంచినీళ్ళు తాగడం మానేస్తుంది. నేను మానేశాను. మా కోడలు కనిపెట్టి అడిగేదాకా ఎవరికీ చెప్పలేదు.

మెట్ల దగ్గర పట్టుకోవడానికి గట్టి రాడ్డు పెట్టించండి. బాత్రూమ్‌లో చేతి పైపు పెట్టించండి. దీపం పెట్టుకోవడానికి ఒక చిన్న అర చూపించండి. లోపల మంట వద్దంటే మేం బ్యాటరీ దీపం పెట్టుకున్నాం, దేవుడేం అనుకోడు.


ప్రశ్న అడిగినవారు, పది రోజుల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. అమ్మగారూ, మీరు రాసింది చదివి ఆ రాత్రే మా అమ్మకి ఫోన్ చేశాను. రెండేళ్ళ క్రితం మా అక్క వాళ్ళింట్లో ఉన్నప్పుడు తనూ నీళ్ళు తాగడం తగ్గించిందట. ఇన్నాళ్ళూ మాకు తెలియదు.

బరువుల లెక్క చూశాక మా ఆయన రెండో ప్లాన్ గురించి మళ్ళీ మాట్లాడలేదు. మూడోది నేనే తీసేశాను. శనివారం గ్యారేజ్‌లో 30 అడుగులదాన్ని టేప్‌తో గీశాం. గీశాక రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, బంకుల నుంచి బాత్రూమ్ మూడు అడుగులే, అమ్మ మా వైపు రానక్కర్లేదు. రెండు, నేను మంచం చివర కూర్చుని కాల్ చేస్తుంటే మోకాళ్ళు అల్మరాకి తగులుతున్నాయి. మా ఆయన ఆ అల్మరా కింది భాగం తీసేసి మడత బల్ల బిగిస్తానంటున్నారు. బంకుల కర్టెన్ స్థానంలో మడత తలుపు పెట్టించుకుంటాం. అమ్మ తెనాలి నుంచి వీడియో కాల్‌లో అట్టపెట్టెలన్నీ చూసి, కింద బంక్ పక్కన కిటికీ ఉందా అని ఒక్కటే అడిగింది. ఉంది.

స్లైడ్ మూసి ఫ్రిజ్ తెరిచే పరీక్ష ఇంకా చేయలేదు, దాని కోసం బుధవారం మళ్ళీ షోరూమ్‌కి వెళ్తున్నాం. అదొక్కటీ కుదిరితే, కొనే ముందు ఇలాంటిదే ఒక బంక్‌హౌస్ అద్దెకి తీసుకుని రే రాబర్ట్స్ లేక్ దగ్గర నాలుగు రాత్రులు ఉంటాం. అందులో రెండు రాత్రులు నాకు కాల్స్ ఉన్న రోజులే చూసి బుక్ చేశాను.