ఓవర్‌ఫ్లోకి ఒక పైపు చాలా, రెండు కావాలా?

సత్యనారాయణపురం: హాల్లో నాలుగడుగుల చేపల ట్యాంకు పెడుతున్నానండి, 120×45×45 సెంటీమీటర్లు. కింద 90×30 సంపు, అంటే ట్యాంకులో ఎక్కువైన నీళ్లు ఓవర్‌ఫ్లో పైపులోంచి దిగే తొట్టి, అక్కణ్ణుంచి పంపు మళ్లీ పైకి తోడుతుంది. గాజుకి రంధ్రాలు ఇంకా వేయించలేదు. షాపాయన ఒక్క పైపు చాలంటున్నాడు, ఫ్రెండ్స్ రెండు పెట్టమంటున్నారు. పక్క గదిలోనే నాన్నగారు పడుకుంటారు, చప్పుడు ఉండకూడదు. ఏం చేయమంటారు?

బ్రాడీపేట: ఒక్కటి చాలు తమ్ముడూ. పైపు పైన టీ (T ఆకారపు ముక్క) పెట్టి, దాని మూతకి చిన్న చిల్లు వేయించు. గాలి ఆ చిల్లులోంచి వెళ్తుంది, గుడగుడ చాలా మటుకు తగ్గుతుంది. దీన్నే డుర్సో అంటారు. వాల్వు తిప్పే పని లేదు, ఎండాకాలం కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చినా దానంతటదే సర్దుకుంటుంది. రంధ్రం పెరిగితే లీకేజీ టెన్షన్ కూడా పెరిగినట్టే.

పటమట: సర్దుకుంటుందన్నా, మూసుకుపోనంత వరకు! పైపు నోటి జల్లెడకి ఒక నత్త అడ్డం పడిందనుకోండి. పంపు తోడుతూనే ఉంటుంది, నీళ్లు దిగే దారుండదు, హాలంతా చెరువే.

చప్పుడొచ్చేది గాలీ నీళ్లూ కలిసి పడటం వల్ల. మొదటి పైపు నోరు నీళ్లలో మునిగి ఉండాలి, కింద గేట్ వాల్వు పెట్టి కొద్దికొద్దిగా బిగించాలి. పైపు నిండా నీళ్లే పోతుంటే ఇక గోల ఉండదు. బాల్ వాల్వు వద్దు, చిటికెడు తిప్పితే చాలు, ఫ్లో మొత్తం మారిపోతుంది. రెండో పైపు నోరు ఇంకాస్త ఎత్తులో, ఖాళీగా. అది గోల చేసిందంటే మొదటిది మూసుకుందని అర్థం. ఆ చప్పుడు మనకు కావాల్సిందే.

బ్రాడీపేట: మరి రాత్రి రెండింటికి కరెంటొస్తే? సైఫన్ (గాలి లేకుండా పైపు నిండా నీళ్లు పారడం) మళ్లీ పట్టుకునేదాకా గర్రుమంటుంది, పెద్దాయన లేచి కూర్చుంటాడు. పైగా పంపులో చెత్త చేరి ఫ్లో తగ్గితే నీ వాల్వు లెక్క తప్పుతుంది.

పటమట: ఫ్లో సంగతి నిజమే, పంపు కడిగినప్పుడల్లా వాల్వు చూసుకోవాలి. గర్రుమనేది మాత్రం చాలా చోట్ల ఫిట్టింగ్ తప్పు. సంపులో మొదటి పైపు చివర అంగుళం కన్నా లోతు ముంచితే గాలి తొందరగా బయటికి పోదు. పైపైన ముంచితే కాసేపట్లో సద్దుమణుగుతుంది. హెచ్చుతగ్గులు సర్దడానికి మూడో పైపు పెట్టేవాళ్లూ ఉన్నారు, బీన్‌యానిమల్ పద్ధతి. నాలుగడుగులకి అంత హంగామా దండగ.

గుణదల: మీ ఇద్దరూ దిగే పైపు దగ్గరే ఆగిపోయారు. కరెంటు పోతే పంపు పైపులోంచి కూడా నీళ్లు వెనక్కి దిగుతాయి. ఈ ట్యాంకులో అంగుళం నీళ్లంటే 13, 14 లీటర్లు. పంపు నీళ్లు ట్యాంకులో పడే నాజిల్ రెండంగుళాల లోతులో ఉంటే 27 లీటర్లు కిందికొస్తాయి, సంపులో 10 సెంటీమీటర్ల ఖాళీ దానికే కావాలి. నాజిల్ పైకే పెట్టించండి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు, ఇరుక్కుపోతుంది. రంధ్రాలెందుకని గాజు అంచుకి తగిలించి, U ఆకారపు గొట్టంతో నీళ్లు లాగే బాక్సు కొనేరు, కరెంటు వచ్చాక సైఫన్ అందుకోకపోతే అంతే సంగతులు.

సత్యనారాయణపురం: రెండు రంధ్రాలకే ఫిక్స్ అయ్యానండి. షాపాయన రెండో పైపుకి కూడా వాల్వు పెడతానంటున్నాడు.

పటమట: అస్సలొద్దు. ఎవరో ఒకరు మూసేస్తారు.

బ్రాడీపేట: సరే, రెండే పెట్టుకో. డ్రిల్లు పెట్టకముందు ఆ గాజు టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచింది) కాదని మాత్రం షాపులో గట్టిగా అడుగు. టఫెన్డ్ అయితే బిట్టు దిగేలోపే మొత్తం పొడైపోతుంది.