సమస్య: "నీరొ పాడినంత నిప్పులారె"

మోడరేటర్: రాత్రి టీవీలో ఎవరో నాయకుడు "రోము తగలబడుతుంటే..." అని ఎత్తుకోగానే కరెంటు పోయింది. చీకట్లో తట్టిన పాదం ఇది, దీన్ని చివర పెట్టి పద్యం అల్లండి. రోము చక్రవర్తి 'నీరో'ను కురచ చేశానని తిట్టకండి, గణం అడిగింది.

గోదారిగట్టు:
తలుపు మూసి జనుల దాటంగ నీయరు
పురిటినొప్పులైన పోవరాదు
ఇల్లు చేరలేక యింతుల పొయిలోన
నీరొ పాడినంత నిప్పులారె

రోమన్ చరిత్రకారుడు సుయెటోనియస్ రాసిందే. నీరో పాడుతుంటే ఎంత అవసరమొచ్చినా థియేటర్ వదలకూడదు. లోపలే కాన్పులయ్యాయట.

యతిరాజు: పొయ్యి దాకా నడిపించడం బాగుంది. కానీ "పోవరాదు, ఇల్లు" విసంధి, సంధి కలపలేదు. ఉత్వసంధి నిత్యమని మొన్న నాకు పాఠం చెప్పింది తమరే.

గోదారిగట్టు: ఇక్కడ వాక్యం అయిపోయిందండీ. మొన్న మీ దాంట్లో వాక్యం కాలేదు, పద్యమే అయిపోయింది.

పాతపుస్తకం: అదే చోట గోడ దూకినవాళ్ళూ, చచ్చినట్టు పడుకుని బయటికి మోయించుకున్నవాళ్ళూ ఉన్నారు. నీరో పాడె, జనం పాడె ఎక్కె! ఇంత శ్లేష చేతిలో పెట్టుకుని పొయ్యి దగ్గర ఆగిపోయారేమిటి?

యతిరాజు:
గాలు సేన లేచె, గద్గదస్వరమున
నేడ్చి చూపువాడ నెదుట నిలిచి
యనుచు మురిసె గాని యరిసేన మదిలోన
నీరొ పాడినంత నిప్పులారె?

క్రీ.శ. 68లో గాల్‌లో (ఇప్పటి ఫ్రాన్సు) అక్కడి రోము గవర్నరు విండెక్స్ తిరగబడితే నీరో వేసిన ప్లాను ఇది. ఆయుధం లేకుండా సైన్యం ముందుకెళ్ళి ఏడుస్తాడట. మర్నాడు విజయగీతాలు పాడతాడట.

గోదారిగట్టు: మళ్ళీ ప్రశ్నార్థకమా! కర్ణుడి సమస్యకూ ఇదే గుర్తు తగిలించి గట్టెక్కారు. అది పీకేస్తే మీ పూరణల్లో సగం కూలిపోతాయి. 'గద్గదస్వర'లో 'ద' గురువై కూర్చోవడం మాత్రం ముచ్చటగా ఉంది, ఒప్పుకుంటున్నా.

యతిరాజు: కర్ణుడి మాటకేం గానీ, పోయిన ఏడు రోము పద్యంలో నీరో చేతికి ఫిడేలు ఇచ్చింది ఎవరో? ఆయన మీటింది కితారా అనే తీగల వాద్యం. ఫిడేలు అప్పటికి పుట్టనే లేదు. 64 జులైలో మంటలు లేచినప్పుడు ఊళ్ళోనే లేడు, ఆంటియంలో ఉన్నాడు. మంటలు చూస్తూ పాడాడన్నదాన్ని చరిత్రకారుడు టాసిటస్ పుకారుగానే రాశాడు. తిరిగొచ్చి ఇల్లు పోయినవాళ్ళకు తన తోటలు తెరిచాడు, ధాన్యం ధర కొలతకు 3 సెస్టర్సు నాణేలకు దించాడు. ఇవి మీ పద్యాల్లోకి రావు.

పాతపుస్తకం: దించాడు సరే. ఊరి 14 వార్డుల్లో 3 నేలమట్టమై, 7 సగం కాలి ఉంటే, ఆ నేల మీదే బంగారు మేడ కట్టుకున్నవాణ్ణి ఎవరు నమ్ముతారు? నింద క్రైస్తవుల మీదకు తోసి, మనుషుల్ని రాత్రి దీపాలుగా కాల్చాడని అదే టాసిటస్ రాశాడు. తల్లి అగ్రిప్పినాను 59లోనే చంపించాడు. ఇంత చేసినా, పోయాక ఏళ్ళ తరబడి సమాధి మీద పూలు పెట్టినవాళ్ళున్నారు. నేనే నీరోనంటూ తూర్పున దొంగ నీరోలు బయల్దేరితే వెంట నడిచినవాళ్ళున్నారు. వాళ్ళ మీద రాయండి ఎవరైనా, ఫిడేలు గొడవ ఆపి.

పెరుగన్నం: కొత్తవాణ్ణి, తప్పులుంటే మన్నించాలి. నేను "నీరొ, పాడి?" అని విరిచాను.

పొంగి పొరలె గిన్నె, పొయిమీద నేదియో
పాలవాడు పోసి పరుగు తీసె
తెల్లగానె యుండె, తేల్చి చెప్పగలేను
నీరొ పాడి నంత నిప్పులారె

మోడరేటర్: చక్రవర్తినే ఎగరగొట్టేశారు!

యతిరాజు: విరుపు భలే ఉంది. కానీ పాడి + అంత = పాడియంత. నడుమ ఆ 'న' ఎక్కణ్ణుంచి వచ్చింది నాయనా?

గోదారిగట్టు: పాలవాడు కలిపి ఉంటాడు.

పెరుగన్నం: గిన్నె దింపేశానండీ.