భాష రాని చోట స్నేహం: సువార్తకు దారియా, ఎరా?

గవాక్షం (చర్చ ప్రారంభించినవారు):

మా సంఘం నుండి ఇద్దరు యువకులు రెండేళ్ల సేవకై విదేశానికి బయలుదేరుతున్నారు. వెళ్లే చోటి భాషలో పలకరింపు మాటలు తప్ప వారికి ఏమీ రావు. ముందు ఇరుగుపొరుగుతో స్నేహం చేయండి, క్రీస్తు మాట సమయం వచ్చినప్పుడు అదే వస్తుంది అని శిక్షణలో చెబుతున్నారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో భారతీయ సంఘ నాయకుడు వి. ఎస్. అజరయ్య గారు "మాకు స్నేహితులను ఇవ్వండి" అని కోరిన మాటను ఈ పద్ధతికి ఆధారంగా చూపుతున్నారు. నాకు తెలిసినంతలో ఆ మాట వెనుక ఉన్నది వేరు. బీదలకు ఆస్తి పంచిపెట్టారు, ప్రాణాలు కూడా ధారపోశారు, అయినా మమ్మల్ని సమానులుగా చూసి ప్రేమించడం లేదన్నది పాశ్చాత్య మిషనరీలపై ఆయన మోపిన అభియోగం. స్నేహాన్ని ఒక ఉపాయంగా వాడుకోమని ఆయన అనలేదు.

అందుకే అడుగుతున్నాను. ఉద్దేశం ముందే పెట్టుకొని చేసే స్నేహం స్నేహమవుతుందా? ఒకరి మాట ఒకరికి అందని స్థితిలో ఆ ఉద్దేశం దాగి ఉందో, బయటపడిందో అవతలివారికి తెలిసేదెలా?

సందేహి:

నేను విశ్వాసిని కాను, కనుక నా మాట కటువుగా ఉంటే మన్నించండి. గాలానికి గుచ్చిన ఎర ఎంత రుచిగా ఉన్నా అది చేప కడుపు నింపడానికి వేసినది కాదు. ఉచితంగా ఇంగ్లీషు సంభాషణ నేర్పుతామని పిలిచి, నాలుగో వారానికి బైబిలు తెరిచే తరగతులు ఎన్నో దేశాలలో ఉన్నాయి. అక్కడికి వచ్చేవారికి కావలసినది ఉద్యోగానికి పనికివచ్చే భాష. నేర్పేవారికి కావలసినది వారి ఆత్మ. భాషాభేదం ఇక్కడ అడ్డు కాదు సరిగదా, పెట్టుబడి. ఇతరులకు రాని భాషను చేతిలో పెట్టుకున్నవారు, అది అవసరమైనవారితో "మనం స్నేహితులం" అంటే ఎదుటివారు కాదనగలరా?

ఉత్తరపు కొండలు:

సందేహి గారు చెప్పినది నేను చేసిన పనే కనుక కోపం రావడం లేదు. ఉత్తర థాయ్‌లాండ్‌లో మూడేళ్లు ఉండి వచ్చాను. మొదటి ఏడాది ఇంగ్లీషు నేర్పాను. పిల్లలు వచ్చారు, తల్లులు వచ్చారు, అందరూ నవ్వుతూ వినేవారు. నేను ఉపాధ్యాయిని, వారు విద్యార్థులు; నాకు తెలియనిది వారికి తెలుసునన్న మాటే ఆ గదిలో ఎన్నడూ రాలేదు. ఆ ఏడాది నాకు ఒక్క స్నేహితురాలు కూడా లేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

రెండో ఏడాది తరగతులు మానివేసి, పక్కింటి ఆవిడ దగ్గర వారి భాష నేర్చుకోవడానికి కూర్చున్నాను. ఆ భాషలో దూరం, దగ్గర అనే రెండు మాటలూ మన చెవికి ఒకే విధంగా "క్లై" అనే వినిపిస్తాయి. స్వరం సమంగా సాగితే దూరం, పైనుండి కిందికి దిగితే దగ్గర. ఆసుపత్రి దగ్గరే అని చెప్పబోయి దూరమని చెప్పినప్పుడు ఆవిడ చేటలోని బియ్యం ఏరడం ఆపి, నా గడ్డం రెండు వేళ్లతో పట్టుకొని, స్వరం దిగే చోట కిందికి వంచి చూపించారు. అలా ఎన్నిసార్లు వంచారో లెక్క లేదు. ఒక పెద్ద వయసు స్త్రీ, తన ముందు చిన్నపిల్లలా తడబడుతున్న పరదేశిని ఓర్పుతో దిద్దుతున్నప్పుడు ఎవరు ఎవరిపై ఆధారపడి ఉన్నారో ఆ ఇద్దరికీ తెలుసు. భాష రాకపోవడం మిషనరీ లోటుగా ఉన్నంత కాలం స్నేహానికి చోటు ఉంటుందని, అది ఎదుటివారి లోటుగా మారిన రోజున స్నేహం పేరుతో బేరం మొదలవుతుందని నా అభిప్రాయం. ప్రశ్నకు నా సమాధానం కూడా అదే: ఉద్దేశం ఉందా లేదా అన్నదానికంటే, ఎవరు నేర్చుకుంటున్నారు అన్నది ముందు అడగాలి.

నేను తప్పు చేసింది మరొక చోట. నేను యేసును గురించి వచ్చీరాని మాటల్లో చెప్పినప్పుడల్లా ఆవిడ తల ఊపేవారు. "పొరుగు స్త్రీ సువార్తను ఆసక్తితో వింటున్నది" అని మా సంఘానికి ప్రార్థన లేఖ రాశాను. వారి సమాజంలో "క్రెంగ్ జై" అనే మాట ఉన్నదని, ఎదుటివారిని నొప్పించడానికీ ఇబ్బంది పెట్టడానికీ వెనుకాడే స్వభావమని ఆ తరువాత చాలా నెలలకు గాని అర్థం కాలేదు. ఆ తల ఊపు మర్యాద. నేను దానిని అంగీకారంగా అనువదించాను.

పాత పుటలు:

ఆ పొరపాటుకు చాలా పెద్ద వంశమే ఉన్నది. కథోలిక మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ 1549లో జపాన్‌లోని కగోషిమాలో దిగినప్పుడు ఆయన వెంట అంజిరో అనే జపాన్ దేశస్థుడు అనువాదకుడుగా ఉన్నాడు. దేవుడు అనడానికి అంజిరో సూచించిన మాట "దైనిచి". అది జపాన్‌లోని షింగోన్ శాఖ బౌద్ధులు ఆరాధించే మహావైరోచన బుద్ధుని పేరు. షింగోన్ భిక్షువులు తమ మతమే చెబుతున్నారనుకొని ఆదరించారు. సంగతి తెలిసిన జేవియర్ ఆ మాటను విడిచి లాటిన్ "దేవుస్" పట్టుకుంటే, దానిని "దై ఉసో", అనగా పెద్ద అబద్ధం, అని గేలి చేశారు. ఇరుపక్షాలా సద్భావం ఉండి కూడా ఇంత జరిగింది. కనుక స్నేహం ఉంటే భాష అదే కుదురుతుందన్న ధీమా నాకు లేదు.

అయితే ఉత్తరపు కొండలు గారి వాదానికి బలమిచ్చే సాక్ష్యమూ ఉన్నది. ఇటలీకి చెందిన మిషనరీ మత్తేయో రిచ్చీ 1583లో చైనాలో స్థిరపడి, ఏళ్ల తరబడి విద్యార్థిగా కూర్చుని, 1595లో చైనా భాషలో రాసిన తొలి పుస్తకానికి ఎంచుకున్న విషయం స్నేహమే. తరువాత చైనా పండితుడు షూ గ్వాంగ్‌చీతో కలిసి యూక్లిడ్ రేఖాగణితంలో మొదటి ఆరు భాగాలను 1607లో చైనా భాషలోకి తెచ్చారు. రిచ్చీ నోటితో వివరిస్తే షూ వాక్యం కట్టేవారు. షూ అప్పటికే బాప్తిస్మం పొందినవారు, అది నిజమే. కాని ఆ బల్ల దగ్గర ఏ ఒక్కరూ రెండవవారు లేకుండా అడుగు వేయలేరు.

సందేహి:

షూ క్రైస్తవుడు కాబట్టి ఆ ఉదాహరణ మీకు సులభం. క్రైస్తవుడు కాని వ్యక్తిని గురించి చెప్పండి.

పాత పుటలు:

రామ్ రామ్ బసు. 1793లో బెంగాల్ చేరిన ఇంగ్లండు మిషనరీ విలియం కేరీకి బెంగాలీ నేర్పిన మున్షీ, అనగా జీతానికి భాష నేర్పే పండితుడు. క్రైస్తవ గీతం రాశారు, కరపత్రాలు రాశారు, బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. మధ్యలో నడవడి విషయమై కేరీ ఆయనను పనిలోనుండి తీసివేసినా, శ్రీరాంపూర్‌లో మళ్లీ కలిసి పనిచేశారు. ఇది కల్తీ లేని స్నేహమని నేను అనను, జీతం ఇచ్చే యజమానికీ మున్షీకీ మధ్య సంబంధం అది. అయినా ఆయన "అవును" అనకపోయినంత మాత్రాన తెగిపోలేదు.

గవాక్షం:

ప్రపంచ సంఘాల మండలి, వాటికన్‌కు చెందిన మతాంతర సంభాషణ మండలి, ప్రపంచ ఎవాంజెలికల్ కూటమి కలిసి 2011లో వెలువరించిన పత్రంలో, సేవలో ఏ విధమైన ప్రలోభమూ ఉండకూడదనీ, మతం మారడం వంటి నిర్ణయానికి తగినంత ఆలోచనా సమయం ఇవ్వాలనీ ఉన్నది. మా యువకులకు అది చదివించాలని ఉంది. యోహాను సువార్త 15వ అధ్యాయంలో ప్రభువు, ఇక దాసులని పిలువక స్నేహితులని పిలుస్తున్నానని చెప్పి, తండ్రి వలన విన్నవన్నీ తెలియజేశాననడాన్నే కారణంగా చూపారు. దాపరికం లేకపోవడమే అక్కడ స్నేహానికి గుర్తు. కనుక ఎందుకు వచ్చామో మొదటి నెలలోనే, ఎంత వంకర భాషలోనైనా, చెప్పివేయాలని నాకు తోస్తున్నది. ఫోన్‌లోని అనువాద యాప్ ఆ ఒక్క పనికి చాలు. మిగతా వాటికి దానిని వాడవద్దని అంటాను. యాప్ చేతిలో ఉన్నవాడు ఎవరినీ దిద్దమని అడగడు.

సందేహి:

మొదటి నెలలోనే చెబితే నా అభ్యంతరం సగం తీరుతుంది. ఇంగ్లీషు తరగతుల విషయంలో మాత్రం నేను మారలేదు. ఉత్తరపు కొండలు గారూ, ఒక్క మాట. ఆ ప్రార్థన లేఖ సంగతి ఆవిడకు చెప్పారా?

ఉత్తరపు కొండలు:

తిరిగి వచ్చే ముందు చెప్పాను. నువ్వు తల ఊపింది నేను తప్పుగా అర్థం చేసుకొని మా వాళ్లకు రాశానని చెప్పడానికి సరిపడేంత భాష అప్పటికి వచ్చింది. ఆవిడ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "అందులో నా పేరు రాశావా?" అని అడిగారు. రాశానన్నాను. కొంతసేపు చేటలోని బియ్యం ఏరుతూ కూర్చుని, ఆ ఉత్తరంలో ఏమేమి రాశానో మొత్తం తమ భాషలో చదివి వినిపించమన్నారు. చదివాను. రెండు చోట్ల స్వరం తప్పితే దిద్దారు.