‘టాస్క్ వర్క్’ని ‘రోజు కూలి’ అనొచ్చా?

దక్షిణ కరోలినా ఫాస్ఫేట్ తవ్వకాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో ‘టాస్క్’ అని మాటిమాటికీ వస్తోంది. ‘రోజు కూలి’ అని రాసేస్తే సరిపోతుందా?

— వద్దండీ, కథే తిరగబడిపోతుంది. అక్కడ తవ్వినవాళ్లు కాదన్నది సరిగ్గా ఆ పద్ధతినే. దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్ ఊరి చుట్టుపక్కల వరి తోటల్లో బానిసలకి పని కొలిచి ఇచ్చేవారు, మడిలో అయితే మామూలుగా రోజుకి పావు ఎకరం, అది అయ్యాక మిగిలిన పొద్దు వాళ్లది, సొంత పెరడో కోళ్లో చూసుకునేవాళ్లు. 1865లో బానిసత్వం పోయింది. 1867లో ఆష్లీ నది పక్కన, అప్పటిదాకా ‘కంపు రాళ్లు’ అని నాగలికి అడ్డమొస్తే తిట్టుకున్న గడ్డల్లో ఫాస్ఫేట్ దండిగా ఉందని తేలింది. (రెండు రాళ్లు రుద్దితే నిజంగానే కంపు కొట్టేవట.) వాటిని కడిగి, ఆరబెట్టి, పొడి చేసి గంధకామ్లం కలిపితే సూపర్ ఫాస్ఫేట్ ఎరువు, మన రైతులు ‘సూపర్’ అనే బస్తా సరుకే. పలుగూ పారా పట్టి తవ్వింది ఎక్కువగా ఆ విడుదలైన నల్లవాళ్లే. మేస్త్రీ కింద గుంపుగా పొద్దుగూకేదాకా చేయడానికి ససేమిరా అన్నారు. ఇంత గొయ్యికి ఇంత, అయ్యాక ఇంటికి! కాబట్టి ‘గుత్త’ అనండి.

— మా వైపు గుత్త అంటే పదిమంది కలిసి నాట్లు మొత్తంగా మాట్లాడుకోవడం. ఒక్కో మనిషికి విడిగా అంటే ‘కొలత పని’ నయం, ఉపాధి హామీ పనుల్లో కొలతలు అందరికీ తెలిసినవే.

— సరే, కొలత పనే. కానీ 1865కి ముందు దానికి ఆ మాట వాడకండి, అక్కడ కూలీ లేదు, బేరమూ లేదు. ‘వంతు’ అంటే చాలు. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట ఉందని మనమూ ఒకటే వాడాలని రూలేం లేదు.

— ఇంకొకటి. నదుల అడుగు నుంచి తీసిన రాయికి ప్రభుత్వం టన్నుకి 1 డాలర్ రాయల్టీ వసూలు చేసింది. 1893 ఆగస్టు తుపానులో ఆ తవ్వే పడవలు చాలా దెబ్బతిన్నాయి, అప్పటికే ఫ్లోరిడా రాయి పోటీకి వచ్చేసింది, ఇక లేవలేదు. ఈ ‘రాయల్టీ’ని ఏం చేయాలి?

— ‘సీనరేజి’ రాసేయండి, మన దగ్గర క్వారీ రాయికి ప్రభుత్వానికి కట్టేది.

— అర్థమవుతుందంటారా?

— క్వారీ ఉన్న ఏ ఊళ్లో అడిగినా చెప్తారు.