టాలీ (అకౌంట్స్ సాఫ్ట్‌వేర్) సర్వర్ మొత్తం లాక్ అయిపోయింది, బ్యాకప్ డిస్కు కూడా పోయింది, ఏం చెయ్యాలి?

మందుల_హోల్‌సేల్_గుంటూరు
అన్నా అర్జెంటు. మాది గుంటూరులో మందుల హోల్‌సేల్, ఆరు సిస్టమ్స్, ఒక సర్వర్, విండోస్ సర్వర్ 2012 ఆర్2. పొద్దున షట్టర్ తీసి టాలీ ఓపెన్ చేస్తే కంపెనీ లిస్టు ఖాళీ. డేటా ఫోల్డర్లోకి వెళ్లి చూస్తే 10001 అనే కంపెనీ ఫోల్డర్ లోపల ఫైల్స్ అన్నిటికీ చివర ఏదో పిచ్చి పేరు తగిలించి ఉంది, ప్రతి ఫోల్డర్లో ఒక నోట్‌ప్యాడ్ ఫైలు, బిట్‌కాయిన్ కట్టమని. రెయిడ్ (ఒకే డేటా రెండు డిస్కుల్లో పడేది) ఉంది కదా అనుకున్నా, రెండు డిస్కుల్లోనూ అదే. సర్వర్ వెనకాల ఎప్పుడూ తగిలించే ఉండే 2 టీబీ డిస్కులో రోజూ రాత్రి బ్యాకప్ పడుద్ది, అదీ పోయింది. జీఎస్టీ డేట్లప్పుడు అకౌంటెంట్ తెనాలిలో ఇంటి నుంచి పని చేస్తాడని సిస్టమ్స్ చూసే అతను రూటర్లో 3389 (బయట నుంచి సర్వర్లోకి వచ్చే రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్) ఓపెన్ పెట్టాడు, పాస్‌వర్డ్ షాపు పేరు పక్కన 123. తిట్టండి పర్లేదు, కానీ ముందు ఏం చెయ్యాలో చెప్పండి. సిస్టమ్స్ అతనేమో ఫార్మాట్ కొట్టేద్దాం అంటున్నాడు.

సర్వర్_బాబాయ్
ఇది రాన్సమ్‌వేర్, ఫైల్స్ లాక్ చేసి డబ్బడిగే వైరస్. ఫార్మాట్ కొట్టనివ్వకు తమ్ముడూ. ముందు అన్ని సిస్టమ్స్‌కీ లాన్ కేబుల్ పీకెయ్, వైఫై ఆపు. సర్వర్ డిస్కులు తీసి కవర్లో పెట్టి, పైన తేదీ రాసి బీరువాలో దాచు, కొత్త డిస్కు వేసి మొదలుపెట్టు. ఆ లాక్ తీసే తాళం ఇవాళ దొరక్కపోయినా, కొన్ని రకాలకి తర్వాత బయటికొస్తాయి, అప్పుడు పాత డిస్కు లేకపోతే ఏడవాలి. నో మోర్ రాన్సమ్ అని యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు కలిసి 2016లో పెట్టిన సైట్ ఉంది, వేరే సిస్టమ్ నుంచి అందులో ఆ నోటూ పాడైన ఫైల్ ఒకటీ ఎక్కిస్తే ఏ రకమో చెప్తుంది, తాళం ఉంటే ఫ్రీగా ఇస్తుంది. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టు. డబ్బు మాత్రం కట్టకు, కట్టినా ఇస్తాడని గ్యారంటీ ఏం లేదు.

రెయిడ్ బ్యాకప్ కాదు. ఒక డిస్కు చెడితే రెండోది నడిపిస్తుంది అంతే, ఒకదాంట్లో చెత్త రాస్తే రెండోదాంట్లోనూ అదే చెత్త. ఇంకోటి, 3389 తీసేసి వేరే పోర్ట్ నంబర్ పెడితే చాలని ఎవడో ఒకడు చెప్తాడు, నమ్మకు, రోజంతా తలుపులు తట్టుకుంటూ తిరిగే స్కానర్లుంటాయి, ఏ నంబర్ పెట్టినా పట్టేస్తాయి. వీపీఎన్, అంటే లాగిన్ అయినవాళ్లకే తెరుచుకునే ప్రైవేట్ దారి, పెట్టి దాంట్లోంచే రానివ్వు. 2012 ఆర్2కి మామూలు అప్‌డేట్లు 2023 అక్టోబర్ 10తోనే ఆగిపోయాయి, అదీ మార్చు.

పద్దుల_అక్క
డేటా ఎక్కడెక్కడ కాపీ ఉందో గుర్తు తెచ్చుకోండి. ఆడిట్‌కి సీఏ ఆఫీసు వాళ్లు పెన్‌డ్రైవ్‌లో టాలీ డేటా పట్టుకెళ్తారు కదా, వాళ్లని అడగండి. అకౌంటెంట్ మెయిల్ సెంట్‌లో టీబీకే అని వెతకండి, టాలీ బ్యాకప్ ఫైలు ఆ పేరుతోనే ఉంటుంది. ఆ కాపీ తేదీ నుంచి ఇటు సేల్స్‌కి జీఎస్టీ పోర్టల్లో మీరేసిన జీఎస్‌టీఆర్-1 రిటర్న్, కొనుగోళ్లకి సప్లయర్ల బిల్లులు కనిపించే జీఎస్‌టీఆర్-2బీ, బ్యాంక్ స్టేట్‌మెంట్ ఎక్సెల్‌లో దించుకోండి. కానీ జీఎస్‌టీఆర్-1లో బిల్లు వారీగా మొత్తాలే వస్తాయి, ఏ మందు ఎన్ని స్ట్రిప్పులో రాదు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ అసలే రావు. స్టాక్ మాత్రం రాకుల దగ్గర నిలబడి లెక్కపెట్టాల్సిందే, వేరే దారి లేదు.

మందుల_హోల్‌సేల్_గుంటూరు
అక్కా మీ నోటి చలవ, సీఏ గారి దగ్గర సెప్టెంబర్ కాపీ దొరికింది!! రెండు నెలల బిల్లులు కొట్టుకోవాలి, కుర్రాళ్లు స్టాక్ మొదలెట్టారు. తాళం మాత్రం ఆ సైట్లో లేదంట. మళ్లీ ఇలా కాకుండా తక్కువ ఖర్చులో బ్యాకప్ ఎలా పెట్టుకోవాలి?

సర్వర్_బాబాయ్
రెండు డిస్కులు కొను. ఇవాళ ఒకటి, రేపు ఒకటి, బ్యాకప్ అవ్వగానే పీకి ఆ రోజు డిస్కు నీ స్కూటర్ డిక్కీలో ఇంటికెళ్లాలి. తగిలించి వదిలేస్తే మళ్లీ ఇదే కథ. నెలకోసారి ఏదో ఒక ఆదివారం ఇంట్లో లాప్‌టాప్‌లో ఆ టీబీకే రీస్టోర్ చేసి నిన్నటి బిల్లు ఓపెన్ అవుతోందో లేదో చూడు. మా క్లయింట్ ఒకాయన మూడేళ్లు రోజూ బ్యాకప్ తీశాడు, తీరా చూస్తే ఖాళీ ఫోల్డర్ కాపీ అవుతోంది.

అన్నట్టు సర్వర్లో బ్రౌజర్లో షాపు మెయిల్ ఓపెన్ చేసి ఉందా? ఉంటే పాస్‌వర్డ్ వాళ్ల చేతికి పోయినట్టే అనుకో. ఫోన్ నుంచి మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ అడిగేది) పెట్టి, సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడు. మీ దగ్గర సరుకు కొనే పార్టీలకి మీ పేరుతో "మా అకౌంట్ నంబర్ మారింది" అని మెయిల్ కొట్టే రకాలు ఉంటారు.

మందుల_హోల్‌సేల్_గుంటూరు
ఇప్పుడే చూశా బాబాయ్. ఫార్వర్డింగ్‌లో మాకు తెలియని అడ్రస్ ఒకటి ఉంది. తీసేశా. పార్టీలందరికీ ఫోన్లు చేస్తున్నా, అకౌంట్ నంబర్ మారలేదని చెప్తూ, ఇంకా నలభై మంది ఉన్నారు.